ఇంగువ వాసన రాని డిసెంబరు

మీ ముక్కు పనిచేస్తోందని మీకు ఎవరు చెప్పారు?

నవ్వకండి, జవాబు చెప్పండి. పొద్దున కాఫీ వాసన వచ్చింది కదా అంటారు. వాసన వచ్చిందా, కప్పు చేతిలో ఉంది కాబట్టి వచ్చిందనుకున్నారా? పోనీ, వంటింట్లో గ్యాసు లీకైతే తెలుస్తుంది కదా అంటారు. ఆ గ్యాసుకు సొంత వాసనంటూ లేదు. మీరు ప్రాణాలతో ఉండాలని ఎవరో పనిగట్టుకుని అందులో కాస్త కంపు కలుపుతారు. ఆ కంపునే మీరు పుట్టినప్పటి నుంచీ గ్యాసు వాసన అనుకుంటున్నారు. చూశారా, మొదట్లోనే మీ నమ్మకం ఒకటి ఊడిపోయింది. ఇంకా ఉంది, కూర్చోండి.

ఆ కంపు సరుకును మెర్కాప్టాన్ అంటారు. గంధకం కలిసిన రసాయనం. కొన్ని దేశాల ముడి చమురులో అది పుట్టుకతోనే ఉంటుంది. దాన్ని కొలవడంలోనే నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచిపోయింది. జర్మనీలోని కార్ల్స్‌రూహెలో, రైన్ నది రేవు పక్కన, ట్రామ్ దిగి గోదాముల మధ్యనుంచి నడుచుకుంటూ పోతే ఒక చిన్న ప్రయోగశాల ఉండేది. చమురు అమ్మేవాళ్ళకూ కొనేవాళ్ళకూ మధ్య మేం తీర్పరులం. సీసాలో నమూనా వస్తుంది. ఇందులో ఏముంది, ఎంత ఉంది అని రాసిస్తాం. మా అంకెను బట్టి ఓడ సరుకు దిగుతుంది, లేదా వెనక్కి పోతుంది.

మన తెలుగు సంఘం సమావేశాల్లో నన్ను చూడగానే సమోసా చేతపట్టుకుని పక్క గదిలోకి జారుకునే కుర్రవాళ్ళారా, ఈ కథ మీకోసమే. మైకులో చెబితే పారిపోతారు. కాగితం మీద అయితే కనీసం సగం చదువుతారని ఆశ.

కాస్పియన్ అని ఒక నీళ్ళ తావు ఉంది. నాలుగు పక్కలా నేలే. దాని ఒడ్డున ఐదు దేశాలు: రష్యా, కజకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఇరాన్, అజర్‌బైజాన్. అది సముద్రమా, సరస్సా అని ఈ ఐదూ దశాబ్దాల పాటు వాదించుకున్నాయి. భూగోళం మీద ప్రేమతో అనుకునేరు! సముద్రమైతే అడుగున ఉన్న చమురుకు ఒక రకం పంపకం, సరస్సైతే ఇంకో రకం. అన్నదమ్ములు పెరట్లో గోడ ఎక్కడ కట్టాలో తేల్చుకోలేక, అసలిది పెరడా దొడ్డా అని కోర్టుకెక్కినట్టు. వాళ్ళ తగవు ఎలా ఉన్నా చమురు మాత్రం వస్తూనే ఉండేది. అజర్‌బైజాన్ చమురు పైపులో కొండలు దాటి మధ్యధరా ఒడ్డుకు, కజకిస్తాన్ చమురు ఇంకో పైపులో నల్ల సముద్రం ఒడ్డుకు, అక్కడి నుంచి ఓడల్లో ఇటలీకి, మళ్ళీ పైపులో ఆల్ప్స్ దాటి మా దక్షిణ జర్మనీకి. కజకిస్తాన్ సరుకులో మెర్కాప్టాన్ ఎక్కువ, కంపు. అజర్‌బైజాన్ సరుకు శుభ్రం, కాబట్టి ధర ఎక్కువ. ఈ కథకు మీకు ఇంతకంటే రసాయన శాస్త్రం అక్కర్లేదు.

మా ల్యాబులో ఒక మనిషి ఉండేవాడు. నమూనా సీసాలను దించుకుని భద్రం చేయడం ఆయన ఉద్యోగం. కానీ ఆయన పేరు ప్రతిష్ఠలన్నీ ముక్కువి. ల్యాబులో అందరూ ఆయన్ను 'డీ నాజె' అనేవారు, అంటే 'ముక్కు'. తర్వాత వచ్చిన మన తెలుగమ్మాయి ముక్కాయన అంది. నేనూ అలాగే అంటాను. పొద్దున మొదటి సీసా రాగానే అందరం గుమిగూడేవాళ్ళం. ఆయన మూత తీసి, ఆ మూతను ముఖానికి దూరంగా పట్టుకుని ఒకసారి ఊపి, కళ్ళు మూసుకునేవాడు. తర్వాత గోడ మీది నల్లబల్ల దగ్గరికి వెళ్ళి సుద్దతో దేశం పేరు రాసేవాడు. మధ్యాహ్నానికి యంత్రాలు కొలిచి చెప్పేవి. అనుమానించినవాడు ఓడిపోతే ఆయనకు బ్రెజెల్ కొనిపెట్టాలి. ఉప్పు రాళ్ళు అద్దిన ఆ మెలికల రొట్టె కోసం ఆ రేవులో ఎంత వేదాంతం నడిచిందో చెప్పలేను. ముడి చమురును వాసన చూడకూడదని గోడకు బొమ్మతో సహా అంటించిన హెచ్చరిక ఉంది. ఆ బొమ్మ కిందే ఈ పూజ జరిగేది.

నా సంగతి మీకు తెలుసు. గుంటూరు జిల్లాలో కాలేజీ రోజుల నుంచీ హేతువాద సభలకు తిరిగినవాణ్ణి. నాలుక మీద కర్పూరం వెలిగించుకుని, గుప్పిట్లోంచి బూడిద రాల్చి, ఇందులో మహిమ ఏమీ లేదు నాయనలారా అని బల్లెక్కి అరిచినవాణ్ణి. అలాంటివాడి ఎదుట ఒక జర్మన్ బాబా వెలిస్తే ఊరుకుంటానా? చేరిన కొత్తలోనే సీసాలకు వార్తాపత్రిక చుట్టి, చీటీలు పీకేసి, కలగాపులగం చేసి ఆయన ముందు పెట్టాను.

అన్నీ సరిగ్గా చెప్పాడు. ఒకటి కూడా తప్పలేదు.

"ఏం హెర్ ఫిలోసోఫ్, బ్రెజెల్ మీద వెన్న కూడా ఉంటే బావుంటుంది" అన్నాడు. అప్పటినుంచి నా పేరు అదే, తత్వవేత్తగారు. నేనూ నిజాయితీగా ఒప్పుకున్నాను. రుజువు చూశాక ఒప్పుకోకపోతే నేనేం హేతువాదిని? ఆనాటి నుంచి ఆయన ముక్కుకు నాకంటే పెద్ద ప్రచారకుడు లేడు. కొత్తవాళ్ళు ఎవరైనా పెదవి విరిస్తే నేనే అడ్డుపడేవాణ్ణి. "పరీక్షించాం అండీ. నేనే స్వయంగా పరీక్షించాను."

ఇక్కడొక పిట్టకథ చెప్పాలి. ఒకసారి పని మీద అజర్‌బైజాన్ రాజధాని బాకు వెళ్ళాను. ఆ ఊరి అంచున ఒక పాత అగ్నిగుడి ఉంది. నేలలోంచి సహజవాయువు ఎగదన్ని దానంతట అదే మండేదట. మన దేశం నుంచి వెళ్ళిన వర్తకులు దానికి మొక్కి, గోడల మీద మన లిపిలో రాతలు చెక్కించుకున్నారు. తర్వాత చుట్టుపక్కల గ్యాసునంతా తోడేశారు, మంట ఆరిపోయింది. ఇప్పుడు ఊరి గ్యాసు పైపు తెచ్చి వెలిగిస్తున్నారు. మీటరు తిరుగుతూ ఉంటుంది. నా పక్కన నిలబడ్డ ఒక పెద్దమనిషి చెప్పులు విడిచి కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. నేను తిరిగొచ్చి ల్యాబులో అందరికీ చెప్పి పగలబడి నవ్వాను. ముక్కాయన కూడా నవ్వాడు. ఈ మంటను మరిచిపోకండి.

కరోనా వచ్చిన ఏడాది వేసవిలో మన అమ్మాయి చేరింది. వరంగల్ పక్క పిల్ల. మ్యూనిక్‌లో చదువు పూర్తిచేసి బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద మా దగ్గరికి వచ్చింది. రాగానే నన్ను అంకుల్ అంది. నాకు ఉద్యోగం ఇంకో ఏడాదే మిగిలింది కాబట్టి ఆ పిలుపు మీద వాదన పెట్టుకోలేదు. మెర్కాప్టాన్ కొలిచే బల్ల అప్పటిదాకా నాది, ఇక ఆమెది. వెండి నైట్రేటు ద్రావణాన్ని చుక్కలు చుక్కలుగా పోస్తూ కొలిచే పరీక్ష అది. ఓపిక కావాలి, ఆమెకు ఉంది.

మధ్యాహ్నం ఆమె డబ్బా తెరిచేది. చారు, పప్పుచారు, పచ్చిపులుసు, ఏదైనా సరే ఇంగువ పోపు ధారాళం. ఇంగువ కంపూ మెర్కాప్టాన్ కంపూ దగ్గరి చుట్టాలు, రెండింటిలోనూ గంధకమే. తెరిచిన మరుక్షణం నడవా చివరి నుంచి ముక్కాయన అరుపు వినిపించేది.

"కజకిస్తాన్ మళ్ళీ పొయ్యి మీదుంది!"

మొదటిసారి ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. తర్వాత తిరిగి అరవడం నేర్చుకుంది. "మీ జున్ను ఏ దేశంది? ఇరానా?" ఆయన రోజూ తెచ్చుకునే జున్ను, అదే చీజ్, మన పశువుల కొట్టం వాసన వేసేది. ఇద్దరూ నడవాకు ఆ చివరా ఈ చివరా నిలబడి, మాస్కుల్లోంచి దేశాల పేర్లు విసురుకునేవాళ్ళు. ఆ ఏడాది మా ల్యాబులో వినోదం అంతే.

చలి ముదిరింది, రెండో లాక్‌డౌన్ వచ్చింది. మేం సగం మందిమి ఒక వంతు, మిగతా సగం ఇంకో వంతుగా వచ్చేవాళ్ళం. కిటికీలు బార్లా తెరిచి, కోట్లు వేసుకుని తినేవాళ్ళం. అప్పుడు ఒకరోజు ఆమె అంది:

"అంకుల్, గమనించిన్రా? ముక్కాయన ఇప్పుడు నా డబ్బను తిడ్తలేడు."

"అవునే! ఎన్నాళ్ళయింది?"

"మస్తు రోజులైంది. మొన్న పక్కనే కూసోని ఆపిల్ తిన్నడు. ఒక్క మాటనలే. అలవాటైనట్టుంది పాపం."

నాకు గర్వంతో ఛాతీ పొంగింది. "అలవాటు కాదమ్మాయ్, సంస్కారం. మన పోపుకు జర్మనీ లొంగింది. నలభై ఏళ్ళుగా నేను చేయలేని పని నీ చారు చేసింది."

ఇద్దరం నవ్వుకున్నాం. పరాయిదేశంలో మన తిండిని ఎవరైనా తిట్టడం మానేస్తే చాలు, వాళ్ళకు మనమంటే గౌరవం పెరిగిందనే అనుకుంటాం. ఇంకో కారణం ఉండొచ్చని తోచదు. అంత చిన్న పొగడ్తకు అంత ఆకలిగా ఉంటాం మనం.

డిసెంబరులో ఆ సీసా వచ్చింది. అజర్‌బైజాన్ సరుకు అని కాగితాలు. కరోనా దెబ్బకు విమానాలు, కార్లు ఆగి చమురు కొనేవాడు లేక, కొన్నవాడు కూడా ఎలా వదిలించుకోవాలా అని సాకు వెతుక్కుంటున్న కాలం. ముక్కాయన మూత ఊపి, కళ్ళు మూసి, బల్ల మీద రాశాడు: అజర్‌బైజాన్. "చర్చిలా శుభ్రంగా ఉంది" అని తీర్పు కూడా చెప్పాడు.

మధ్యాహ్నానికి మన అమ్మాయి అంకె వచ్చింది. ఒప్పందంలో రాసుకున్నదానికంటే మెర్కాప్టాన్ చాలా ఎక్కువ.

మా పై అధికారిణి బ్రెమెన్ మనిషి. ఉత్తరాది వాళ్ళు మాటలు పొదుపుగా వాడతారు. ఈమె మరీ పిసినారి. అంకె చూసింది, నల్లబల్ల చూసింది.

"మళ్ళీ చేయండి."

మళ్ళీ చేసింది. అదే అంకె.

"యంత్రం అదే. చేతులు అవే. తప్పు కూడా అదే కావచ్చు" అందావిడ. తర్కం బాగానే ఉంది, నాకే ముచ్చటేసింది. సాంద్రత, మరిగే ఉష్ణోగ్రతలు కొలిచేది నేను. కొద్దిపాటి కల్తీ అయితే వాటిలో తేడా కనపడదు. నా అంకెలు ఆ పిల్లకు సాయమూ రాలేదు, అడ్డమూ పడలేదు. నేను చేసి చూస్తానన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"సీసాలో ఒక్క పరీక్షకు సరిపడా ఉంది. రేపు పొద్దున ఆమే చేస్తుంది. నేను పక్కన నిలబడతాను." ఆ తర్వాత ఆ అమ్మాయి వైపు తిరిగి అంది: "మీ ప్రోబెట్సైట్ ఈ నెలతో అయిపోతుంది కదా. రేపు చూసి, దాని గురించి కూడా మాట్లాడదాం."

జర్మనీకి కొత్తగా వచ్చినవాళ్ళకు చెబుతున్నాను. ప్రోబెట్సైట్ అంటే, కారణం చెప్పకుండా మిమ్మల్ని ఇంటికి పంపగల తొలి ఆరునెలలు. బ్లూ కార్డు మీద ఉన్నవాళ్ళకు ఇంటికి అంటే విమానం ఎక్కి ఇంటికి అన్నమాట. మూడు నెలల్లో ఇంకో ఉద్యోగం దొరకకపోతే అంతే.

తిండి గదిలో ఆమె డబ్బా తెరవకుండా కూర్చుంది.

"అంకుల్, నేనే తప్పు చేసిన అంటే అయిపోతది గద?"

"తప్పు చేశావా?"

"లే. మూడు సార్లు కడిగిన గ్లాసులు. కొత్త ద్రావణం కలిపిన. పొద్దుగాల తెలిసిన నమూనాతోని యంత్రాన్ని చెక్ జేసిన. అంత కరెక్టే."

"మరి?"

"మరేంది, ఆయన గంత పెద్దాయన. ఇరవై ఏండ్ల సంది చెప్తుండు. నేను నిన్న మొన్న వచ్చిన. పెద్దాయన మాట తప్పంటే ఎవరింటరు? తప్పు నాదే, పొరపాటైంది అంటే ఆమె తిట్టి ఊకుంటది. కాదు నాదే కరెక్ట్ అన్ననంటే తీసేస్తది. ఈ కరోనల ఎవడిస్తడు నౌకరి? ఇంటి కిరాయి ఎట్ల కట్టాలె?"

నేను అందుకున్నాను. పెద్దరికం రుజువు కాదని, తల నెరిసినంత మాత్రాన అంకెలు మారవని, మన దేశాన్ని ముంచిందే ఈ తలవంచుడని... ఇంకా చాలా ఉన్నాయి, ఆమె చెయ్యెత్తి ఆపేసింది.

"అంకుల్, లెక్చర్ తర్వాత. మొదలు నా ఉద్యోగం. అయినా ఆయన ముక్కు కరెక్టని నాకు చెప్పింది మీరే గద? నేనే స్వయంగా పరీక్షించిన అన్నరు."

బల్లెక్కి అరిచిన రోజుల్లో కూడా ఇంత సూటి ప్రశ్న ఎదురు కాలేదు.

ఆకలి ఎవరి మాటా వినదు కాబట్టి చివరికి ఆమె డబ్బా తెరిచింది. చారు. కిటికీలు తెరిచి ఉన్నా ఇంగువ ఘాటు గదంతా కమ్ముకుంది. సరిగ్గా అప్పుడు ముక్కాయన ఆపిల్ పట్టుకుని లోపలికి వచ్చాడు. మాస్కు గడ్డం కిందికి లాగి, ఆమె డబ్బా మూతకు అటువైపు కూర్చుని, చాలా మర్యాదగా అడిగాడు.

"ఇవాళ ఏం తెచ్చుకున్నావు?"

నేనూ ఆ అమ్మాయీ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఆ గదిలో ఆ క్షణాన ఆ ప్రశ్న వేయాల్సిన అవసరం భూమ్మీద ఎవరికీ లేదు. ట్రామ్ డ్రైవరుకు కూడా తెలిసేంత వాసన అది. ఆయన ఆపిల్ కొరుక్కుని వెళ్ళిపోయాడు. జర్మనీ మన పోపుకు లొంగలేదు. జర్మనీకి పోపు వాసనే రావడం లేదు.

నా లోపలి పాత కార్యకర్త లేచి కూర్చున్నాడు. "దొరికాడు! రేపు పొద్దున అందరి ముందూ సీసాలకు పేపరు చుడదాం. ఒకదాంట్లో చమురు పోద్దాం, ఒకదాంట్లో నీళ్ళు పోద్దాం. ఇంకోదాంట్లో నీ చారే పోద్దాం! దాన్ని కూడా అజర్‌బైజాన్ అంటాడు చూడు."

"వద్దు అంకుల్."

"ఎందుకు వద్దు? నీ ఉద్యోగం అమ్మాయ్!"

"నా ఉద్యోగమే గద, నేనే చెప్తున్న. అందరి ముంగట వద్దు. ఆయన బాబా కాదు. జనం దగ్గర పైసలు గుంజలే. మన ముక్కాయన."

ఆమె సంచిలోంచి పసుపుపచ్చ ఇంగువ డబ్బా తీసింది. ఆఫీసుకు ఇంగువ డబ్బా ఎందుకు తెస్తావని అడగబోయి ఆగాను. మన పిల్లలు సంచుల్లో ఏమేం మోస్తారో అడగకూడదు. నేరుగా సీసాల గదికి నడిచింది. నేను వెనకే వెళ్ళి గుమ్మం దగ్గర ఆగిపోయాను. ఆమె డబ్బా మూత తీసి, బ్రాండు పేరూ బొమ్మా కనపడకుండా చేత్తో కప్పి, ఆయన ముఖం ముందు పెట్టింది.

"ఒక్కసారి వాసన చూసి చెప్పండి, ఇదేంటి?"

ఆయన అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు:

"దాల్చినచెక్క."

డిసెంబరు కదా. జర్మనీలో ప్రతి బేకరీ, ప్రతి ఇల్లూ దాల్చినచెక్క వాసన వేసే నెల. ఆయన వాసన చూసి చెప్పలేదు, క్యాలెండరు చూసి చెప్పాడు.

ఆ పిల్ల డబ్బా తిప్పి, మీద ఉన్న బొమ్మ చూపించింది. ఆ వేసవిలో ఆయనే ఆ డబ్బాను లాక్కుని ఇది విషమా అని అడిగాడు, కాబట్టి ఆయనకు బాగా గుర్తు.

"అక్టోబరులో జలుబు చేసింది" అన్నాడు. "జలుబు అనే అనుకున్నాను. రెండు వారాలు ఇంట్లో ఉన్నాను. జలుబు పోయింది. దాంతోపాటు అన్నీ పోయాయి. మా ఆవిడ కేకు మాడబెట్టి ఇల్లంతా పొగైతే నేను పక్క గదిలో పేపరు చదువుకుంటున్నాను."

"మరి బల్ల మీద రాస్తున్నవి?" నేను అడిగాను.

"పైపులో ఏ రోజు ఏ దేశం సరుకు వస్తుందో ఈ రేవులో తెలియనిదెవరికి? సీసా ఊపితే రంగు తెలుస్తుంది, గాజుకు ఎలా అంటుకుంటుందో తెలుస్తుంది. తప్పవు." అని నా వైపు తిరిగాడు. నవ్వాడు గానీ ఆ నవ్వు బాగోలేదు. "రోజూ అనుకునేవాణ్ణి, ఇవాళ ఎవరో పట్టుకుంటారని. ముఖ్యంగా మీరు, హెర్ ఫిలోసోఫ్. మీరు నాకు బ్రెజెళ్ళు కొనిపెట్టారు. వెన్నతో."

కొనిపెట్టాను. పోయిన నెల కూడా.

ఆ అమ్మాయి ఆయన్ను ఏదీ కోరలేదు. రేపు ఆవిడ ముందు చెప్పండి అనలేదు, నన్ను కాపాడండి అనలేదు. డబ్బా మూత పెట్టి, "మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అపాయింట్‌మెంటు నేను వెతుకుతాను" అంది. ఆయన తల ఊపాడు. మేం వచ్చేశాం. ట్రామ్ ఎక్కాం. ఆయన చెప్పకపోతే? చెప్పకపోతే ఆయనకు ఏమీ జరగదు. చెబితే ఆయన వట్టి సీసాలు మోసే ముసలాయనగా మిగులుతాడు. ఈ లెక్క నాకు ఎంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు.

"రేపు ఏం చెబుతావు?" దిగేముందు అడిగాను.

"నా అంకె చెప్త" అంది. "తీసేస్తే తీసేయనీ. ఆయనకు వాసన రాలేదని, ఉన్నదాన్ని లేదని నేనెట్ల రాస్తా?"

మర్నాడు పొద్దున అధికారిణి గడియారం చూసుకుంటూ బల్ల పక్కన నిలబడింది. అమ్మాయి చేతి తొడుగులు వేసుకుంటోంది. ముక్కాయన లోపలికి వచ్చాడు. ఎవరినీ చూడకుండా నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, నిన్న రాసిన అజర్‌బైజాన్‌ను చేత్తో చెరిపేశాడు.

"నా ముక్కు అక్టోబరు నుంచి సెలవులో ఉంది" అన్నాడు. "అది డాక్టరు చీటీ కూడా ఇవ్వలేదు. దానికి నేనే హాజరు వేస్తూ వచ్చాను."

ఆవిడ వెళ్ళి కిటికీ తెరిచింది. చలిగాలి వచ్చింది. మళ్ళీ మూసింది.

"అక్టోబరు నుంచి రాసినవన్నీ?"

"పైపు టైంటేబుల్."

ఆవిడ ఆయన్ను వదిలి నన్ను చూసింది. 'పరీక్షించాం అండీ' అని ఆవిడకు చెప్పింది కూడా నేనే మరి. ఆ చూపుకు నేను నల్లబల్ల మీద మిగిలిన సుద్ద మరకను శ్రద్ధగా గమనించాను.

"కానివ్వండి" అంది అమ్మాయితో.

ఆ పిల్ల చుక్కలు లెక్క తప్పకుండా పోసింది. అదే అంకె వచ్చింది. అమ్మినవాడి అనుమతి, కొన్నవాడి అనుమతి తీసుకుని, సీలువేసి దాచిన రెండో నమూనాను ఇంకో ఊరి ల్యాబుకు పంపారు. వాళ్ళకూ దాదాపు అదే అంకె. అంతకు ముందు కజకిస్తాన్ సరుకు మోసిన ఓడ, తొట్టి సరిగ్గా కడగలేదట. ఈ కథకు అంతే ముఖ్యం. అమ్మినవాడూ కొన్నవాడూ తర్వాత ఏం తిప్పలు పడ్డారో వాళ్ళ వకీళ్ళు చూసుకున్నారు.

నెలాఖరున అధికారిణి అమ్మాయిని గదికి పిలిచింది. లోపల జరిగిన సంభాషణంతా ఆమె నాకు ఒక్క ముక్కలో చెప్పింది. "'ప్రోబెట్సైట్ అయిపోయింది, సోమవారం కూడా రండి' అన్నది అంకుల్. గంతే!" బ్రెమెన్ వాళ్ళ భాషలో అది పూలదండతో సమానం.

ఇప్పుడు మీరు అడగాలి, అడగకపోతే నేనే చెబుతాను. ఆ ల్యాబులో ప్రతి యంత్రాన్నీ రోజూ పొద్దున తెలిసిన నమూనాతో సరిచూసేవాళ్ళం. నిన్న సరిగ్గా కొలిచింది కదా అని ఇవాళ దాన్ని నమ్మేవాళ్ళం కాదు. మనిషిని మాత్రం ఒక్కసారి పరీక్షించి, ఆ రుజువును ఇరవై ఏళ్ళు తిన్నాం. మూఢనమ్మకం ఎప్పుడూ బూడిద రాలుస్తూనే రాదు. ఒకప్పుడు సరైన రుజువుతో వచ్చి, తర్వాత మళ్ళీ పరీక్షకు నిలబడకుండా కుర్చీలో కూర్చుండిపోతుంది. అసలు బాబాలను పట్టుకోవడం సులువు. నిజంగా మహిమ ఉన్నవాడి దగ్గరే మనం నిద్రపోతాం. మంట ఆరింది, గ్యాసు పైపు వచ్చింది, నేను మాత్రం చెప్పులు విడిచి నిలబడే ఉన్నాను. బాకులో ఎవరిని చూసి నవ్వానో ఆ పెద్దమనిషికి ఇక్కడినుంచి నా దండం.

వాసన చూసే పూజను అధికారిణి ఆ రోజే రద్దు చేసింది. దాని బదులు ఇంకోటి మొదలైంది. కరోనా జాగ్రత్తల కింద గుమ్మం పక్కన ఇంగువ డబ్బా పెట్టారు. లోపలికి వచ్చే ప్రతి ఒక్కరూ, ఆవిడతో సహా, మాస్కు దించి ఒకసారి వాసన చూసి, ముఖం చిట్లించాలి. చిట్లించనివాళ్ళు ఇంటికి, ముక్కాయన ఒక్కడికే మినహాయింపు. ఆ డబ్బాను ఎక్కడ, ఎంత ఎత్తున పెట్టాలన్న దానికి నిబంధన ఏదైనా ఉందేమోనని ఆవిడ రెండు రోజులు వెతికింది. జర్మనీ కదా.

ముక్కాయనకు అమ్మాయి తన బల్ల మీద చుక్కల పరీక్ష నేర్పింది. డాక్టరు వాసనల అభ్యాసానికని చిన్న సీసాలు ఇచ్చాడు: గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం. ఆమె ఐదోదిగా ఇంగువ చేర్చింది. నేను రిటైరయ్యే రోజున ఆయన నాకొక బ్రెజెల్ ఇచ్చాడు. "ఇది అప్పు కాదు" అన్నాడు. వెన్న ఉంది.

కొన్ని నెలల తర్వాత ఆ అమ్మాయి ఫోను.

"అంకుల్! ఇయ్యాల అరిచిండు! నడవా చివరి నుంచి, గట్టిగ! కజకిస్తాన్ మళ్ళీ పొయ్యి మీదుంది అని! నాకు ఏడుపొచ్చింది అంకుల్."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కానీ పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఇవాళ డబ్బాలో ఏం తీసుకెళ్ళావు?"



"...జున్ను, బ్రెడ్డు."

ఇద్దరం నవ్వాం, ఊపిరాడనంతగా నవ్వాం. ఆ పిల్ల ముఖం చూసి అరిచి ఉంటాడు. వాసన రాకపోయినా ఆ అరుపు ఆమెకు బాకీ ఉందనుకుని ఉంటాడు. ప్రేమ కూడా ఒక్కోసారి టైంటేబుల్ చూసి మాట్లాడుతుంది.

"రేపు చారు తీసుకెళ్ళు" అన్నాను. "ఎవరికీ చెప్పకు. పొద్దున గుమ్మం దగ్గర ఇంగువ డబ్బా మూత బిగించెయ్యి, దాని వాసన దీంతో కలవకూడదు."

"మీరు మారరు అంకుల్."

మర్నాడు మళ్ళీ ఫోను చేసింది. ఆయన ఆమె గుమ్మం దాటి వెళ్ళిపోయాడట. నాలుగు అడుగులు వేసి ఆగాడట. వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడట. అరవలేదు. కళ్ళు కూడా మూసుకోలేదు.

"'ఏదో ఉంది' అన్నడు అంకుల్. 'ఏందో చెప్పలేను. కానీ ఏదో ఉంది' అన్నడు."

ఇన్నేళ్ళలో ఆ ముక్కు చెప్పిన తీర్పులన్నిట్లోకీ నాకు బాగా నచ్చింది అదే. తెలిసినంతే చెప్పింది, తెలియనిది తెలియదంది.

ఇక లేవండి. మీ ఆఫీసులో, మీ ఇంట్లో, మీ సంఘంలో ఎప్పుడో ఒకసారి నిజమని తేలినందుకు ఇప్పటికీ ఎవరి మాటను మీరు పరీక్షించకుండా మింగుతున్నారో, ఆ మనిషిని తలుచుకోండి. అది నేనైనా సరే. రేపు పొద్దున వాళ్ళ మాటను మళ్ళీ పరీక్షించండి, నలుగురి ముందు కాదు, ఎదురుగా కూర్చుని. ఆ పనికి బయల్దేరే ముందు వంటింట్లోకి వెళ్ళి, ఇంగువ డబ్బా మూత తీసి, మొదట మీ ముక్కు కిందే పెట్టుకోండి.